అలెప్పో సూక్: మన అంగడి మాటల వెనుక ఒక నగరం

తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగిన విద్యార్థులలో మాకు తరచుగా కనిపించే సంకోచం ఒకటుంది. తాము మాట్లాడేది కలగాపులగం తెలుగని వారి అనుమానం. ఇంట్లో పెద్దలు దుకాణం, బాకీ, వసూలు, నగదు, జమ, దలాలీ, హమాలీ వంటి మాటలు వాడితే అవి మరాఠీ నుంచో, కన్నడం నుంచో, ఒడియా నుంచో ఎరువు తెచ్చుకొన్నవని అనుకొంటారు. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు వాటిని కొట్టివేసి నిఘంటువులో 'అసలు తెలుగు' మాట వెదుకుతారు. ఇవే మాటలు గుంటూరు మిర్చి యార్డులోను, నల్లగొండ అంగట్లోను నిత్యం వినిపిస్తాయని చెబితే ఆశ్చర్యపోతారు.

పైన చెప్పిన మాటలన్నిటికీ మూలం అరబీ భాష. సోలాపూరు పద్మశాలి పలికే 'బాకీ'కీ, అతని మరాఠీ పొరుగువాడు పలికే 'బాకీ'కీ తల్లి ఒకతే. ఒకరి నుంచి ఒకరు దొంగిలించుకొన్నది కాదు. బహమనీ, కుతుబ్‌షాహీ, మొగలు, ఆసఫ్‌జాహీ కచేరీలలోని పారశీకం ద్వారా, దక్కనీ ఉర్దూ ద్వారా ఇవి దక్కను భాషలన్నిటిలోకీ ఇంచుమించు ఒకే తోవన వచ్చాయి. ఈ సంగతి భాషాశాస్త్ర గ్రంథాలలో ఉన్నదే. అయితే ఆ మాటలు పుట్టి పెరిగిన చోటు ఎలా ఉండేది, అక్కడ మనుషులు ఎలా బతికారు, ఏ దారిన వచ్చి పోయారు అన్నది మన పుస్తకాలలో అంతగా కనిపించదు. ఆ చోటును అరబ్బులు 'సూక్' అంటారు. కైరో, దమస్కస్, ఫెజ్, బాగ్దాద్ నగరాలన్నిటికీ సూక్‌లున్నాయి. మేము ఇక్కడ సిరియా ఉత్తర భాగంలోని అలెప్పోను ఎంచుకొన్నాం. ఎందుకు ఎంచుకొన్నామో వ్యాసం నడిచేకొద్దీ తెలుస్తుంది.

'సూక్' అన్న మాట చాలా పాతది. ప్రాచీన ఇరాకులోని అక్కాడియన్ భాషలో 'సూకు' అంటే వీధి. కృష్ణా గుంటూరు మండలాల్లో 'మా బజారు' అంటే మా వీధి అనే అర్థం. బజారు పారశీక పదం, అసలు అర్థం అంగడి. అక్కడ వీధి అంగడి అయింది, ఇక్కడ అంగడి వీధి అయింది. అన్నట్టు 'అంగడి' మాత్రం తమిళ, కన్నడ, మలయాళాలలోనూ ఉన్న ద్రావిడ పదమే.

అరబ్బులు హలబ్ అని పిలిచే అలెప్పో మధ్యధరా సముద్రానికీ యూఫ్రటీసు నదికీ నడుమ ఉంది. ఊరి మధ్య ఎత్తయిన దిబ్బ మీద కోట. పడమట ఆంటియోక్ ద్వారం, అరబీలో బాబ్ అంతాకియా. ఆ ద్వారం నుంచి కోట దాకా దాదాపు తిన్నగా సాగే దారే సూక్‌కు వెన్నెముక. గ్రీకులు, రోమనుల కాలంలో అదే రాజమార్గం. ఇరువైపులా స్తంభాల వరుసలు, మధ్యన బండ్లు నడిచే వెడల్పాటి బాట. కాలక్రమాన ఆ బాట మధ్యలో కొట్లు లేచాయి, స్తంభాల మధ్య గోడలు లేచాయి, ఒక్క రాజవీధి పక్కపక్కనే సాగే అనేక సందులుగా చీలిపోయింది. ఈ పరిణామాన్ని ఫ్రెంచి పండితుడు జాఁ సొవాజే 1941లో అలెప్పో మీద వెలువరించిన గ్రంథంలో పటాలు గీసి చూపించాడు. ఆయన దృష్టిలో ఇది పతనం. నగరపాలన సడలిపోగా వర్తకులు వీధిని ఆక్రమించుకొన్నారని ఆయన అభిప్రాయం. 1975లో రిచర్డ్ బుల్లియెట్ అనే అమెరికను చరిత్రకారుడు మరొక వివరణ ఇచ్చాడు. పశ్చిమాసియాలో చక్రాల బండి పోయి ఒంటె వచ్చింది, ఒంటెకు వెడల్పాటి బాట అక్కరలేదు, కనుక వీధి ఇరుకయింది అని. మాకు ఈ రెండవ మాటే సబబుగా తోస్తుంది. ఎండ మండే దేశంలో ఇరుకు సందు చల్లగా ఉంటుంది. కొనేవాడికి రెండు వైపుల కొట్లూ చేతికందే దూరంలో ఉంటాయి. పతనమైన ఊరు వెయ్యేళ్లు వ్యాపారం చేయదు.

1184లో అండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ అలెప్పో వచ్చాడు. అంగళ్లు విశాలంగా, ఒక వృత్తి తరువాత మరొక వృత్తి వరుసగా సాగిపోతాయనీ, అన్నిటికీ కొయ్య కప్పులుండి నడిచేవాళ్లు నీడలోనే ఉంటారనీ రాశాడు. పెద్ద మసీదును ఆనుకొని ఉన్న విలువైన సరుకుల అంగడిని ప్రహరీ కట్టిన తోటతో పోల్చాడు. ఆ తరువాత 1260లో హులాగూ సేనలు, 1400లో తైమూరు సేనలు ఆ నగరాన్ని కొల్లగొట్టాయి. ప్రతిసారీ సూక్ మళ్లీ ఆ గీత మీదనే లేచింది. 1516లో ఉస్మానీ తురుష్కుల చేతికి వచ్చాక అలెప్పో ఇస్తాంబులు, కైరోల తరువాత ఆ సామ్రాజ్యంలో మూడవ పెద్ద నగరమైంది. మనం నేడు 'అలెప్పో సూక్' అని చెప్పుకొనేదానిలో చాలా భాగానికి రూపం వచ్చింది ఆ శతాబ్దిలోనే. కప్పు కింద సాగే సందులన్నీ కలిపితే సుమారు 13 కిలోమీటర్లు.

సూక్‌లోని కొట్టు మన బజారు కొట్టు కన్నా చిన్నది. ఒక మనిషి మఠం వేసుకొని కూర్చుంటే చేతులు చాపి ఏ అరనైనా అందుకోగలిగినంత. నేల వీధి కన్నా ఎత్తుగా ఉంటుంది. వర్తకుడు లోపల గద్దె మీద, కొనేవాడు వీధిలో నిలబడి, ఇద్దరి కళ్లూ ఒక మట్టంలో ఉంటాయి. అరబీలో 'దుక్కాన్' అంటే మొదట అరుగు, తిన్నె అనే అర్థం. అరుగు మీద కూర్చొని అమ్మేవాడి చోటు కనుక కొట్టుకు ఆ పేరు వచ్చింది. మన దుకాణం లోపల ఇప్పటికీ ఒక అరుగు దాగి ఉందన్నమాట.

ఒక్కొక్క సందుకు ఒక్కొక్క సరుకు. సుగంధ ద్రవ్యాలవారిది సూక్ అల్-అత్తారీన్, మన 'అత్తరు' ఆ మాటకు చుట్టమే. తాళ్లవారికొకటి, కంసాలులకొకటి, రాగిపాత్రలవారికొకటి. ఇలా ఒకే వృత్తివారు ఒకే చోట కూర్చుంటే పోటీ పెరగదా అని అడగవచ్చు. పెరుగుతుంది, దానితోపాటు కాపలా కూడా పెరుగుతుంది. పక్కవాడి తూకం ఎలా ఉందో, వాడు పాతసరుకును కొత్తదని అమ్ముతున్నాడో లేదో పదిమంది కళ్లెదుటే తేలిపోతుంది. వృత్తిసంఘానికి ఒక పెద్ద ఉండేవాడు. సభ్యులు తమలో తాము చేసుకొన్న కట్టుబాట్లను ఖాజీ కచేరీకి వచ్చి నమోదు చేయించుకొనేవారు. రొట్టె బరువు, మాంసం ధర, కొలతల నిజాయితీ చూడడానికి ముహ్తసిబ్ అనే అధికారి తిరిగేవాడు. ఖాజీ కచేరీ దస్తరాలు 16వ శతాబ్ది నుంచి మిగిలి ఉన్నాయి. చరిత్రకారుడు ఏబ్రహాం మార్కస్ 1989లో వెలువరించిన 18వ శతాబ్ది అలెప్పో చరిత్రకు వాటినే ప్రధానంగా ఆధారం చేసుకొన్నాడు. ఆ పుస్తకం చదివితే స్త్రీలు కూడా కొట్లకు, ఇళ్లకు సొంతదారులుగా ఉండి కొనడం, అమ్మడం, తగవు వస్తే కచేరీకి ఎక్కడం చేసేవారని తెలుస్తుంది.

సందులో గొంతెత్తి నడిచేవాడు దల్లాల్. ఒకరి తివాచీనో, దుప్పటినో భుజాన వేసుకొని, అప్పటిదాకా వచ్చిన ధరను కేకవేస్తూ కొట్టు కొట్టుకూ తిరుగుతాడు. ఎక్కువ పలికినవాడికి సరుకు, దల్లాలుకు వాటా. బరువులు మోసేవాడు హమ్మాల్. ఇరుకు సందులో వీపున పెద్ద మూటతో, ముందుకు వంగి, దారి దారి అని అరుచుకొంటూ వస్తాడు. ఈ రెండు మాటలకూ మనం వేరే తెలుగు వెదకనక్కరలేదు. చదివేవాడికి 'దలాలీ' మీద ఉన్న చిన్నచూపు మాత్రం ఆ ఊళ్లో అంతగా లేదు. అమ్మేవాడికీ కొనేవాడికీ భాష కలవనప్పుడు దల్లాలే దుబాసీ కూడా. లెక్క పుస్తకంలో మిగిలినది 'బాకీ', చేతికి చేరినది 'వసూల్', కూడినది 'జమ'. అరబీలో వీటి మామూలు అర్థాలు కూడా అవే: మిగిలినది, చేరడం, కూడడం. ఇక 'మామూలు' సంగతి. అరబీలో దీనికి చేసినది, చేయబడినది అని అర్థం. మన దగ్గర అది వాడుకగా జరిగేదానికీ, ఆపైన అధికారులకు వాడుకగా ముట్టజెప్పేదానికీ పేరయింది. అలెప్పోలో మామూల్ అడిగితే మాత్రం ఖర్జూరమో పిస్తాపప్పో కూరిన తీపి బిళ్ల చేతిలో పెడతారు.

ఆ సూక్‌లో అమ్ముడయ్యే సరుకులన్నిటిలో ఊరి పేరు మోసేది సబ్బు. ఆలివు నూనెను క్షారంతో కలిపి పెద్ద రాగి కాగులో మూడు రోజుల పాటు ఉడికిస్తారు. చివరన లారెల్ అనే చెట్టు కాయల నూనె పోస్తారు. ఆ చెట్టుకు అరబీలో 'ఘార్' అని పేరు. ఆ నూనె ఎంత ఎక్కువగా ఉంటే సబ్బు అంత ఖరీదు. ఉడికిన పచ్చని ముద్దను చదునైన నేల మీద పరచి, చల్లారాక పనివాళ్లు దువ్వెన వంటి పెద్ద కత్తిని లాగుతూ బిళ్లలుగా కోస్తారు. ప్రతి బిళ్ల మీదా కార్ఖానా ముద్ర పడుతుంది. తరువాత గాలి ఆడేటట్టు గోపురాల్లా పేర్చి నెలల తరబడి ఆరబెడతారు. పైభాగం బంగారు రంగుకు తిరుగుతుంది, కోస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంటుంది. చలికాలంలో ఉడికించినది మరుసటి చలికాలానికి గాని బజారుకు రాదు. అరబీ 'సాబూన్', పోర్చుగీసు 'సబావ్' రెండూ లాటిను 'సాపో' నుంచి వచ్చినవే కనుక మన సబ్బు కూడా ఆ కుటుంబంలోనిదే. కుంకుడుకాయల కాలం నాటి మన అమ్మమ్మలకు దానితో పని పడలేదు గాని.

కొట్లకు అద్దె ఎవరికి పోయేది? ఇది ముఖ్యమైన ప్రశ్న. చాలా కొట్లు 'వక్ఫ్' ఆస్తులు. ఒక పాషా మసీదో, పాఠశాలో కట్టించి, దాని ఖర్చుకు ఒక సందు నిండా కొట్లు కట్టించి రాసి ఇచ్చేవాడు. దేవాలయాలకు మాన్యాలు రాసినట్టే, భూమికి బదులు దుకాణాలు. సూక్‌కు దక్షిణాన 1354లో అర్గూన్ అల్-కామిలీ అనే అధిపతి స్థాపించిన వైద్యశాల ఇప్పటికీ కనిపిస్తుంది. మతి చెదిరినవారిని నీటి ఊటల పక్కన ఉంచి చూసుకొన్న చోటు అది. అలెప్పోలో ముస్లిములు, అరబ్బు క్రైస్తవులు, ఆర్మేనియనులు, యూదులు ఒకే సూక్‌లో వ్యాపారం చేశారు. అందరూ అన్నదమ్ముల్లా ఉన్నారని మేము అనము. కచేరీ దస్తరాలు చూస్తే అలా అనిపించదు. కాని ఒకరి అప్పు పుస్తకంలో మరొకరి పేరు ఉండక తప్పలేదు.

సూక్‌లో కొనుగోలు ఒక సగం, ప్రయాణం రెండవ సగం. సందుల వెనుక 'ఖాన్'లు ఉంటాయి. ఖాన్ అంటే సత్రం, గిడ్డంగి, కచేరీ మూడూ కలిసినది. ఒకటే పెద్ద ద్వారం, సరుకెత్తిన ఒంటె లోపలికి నడిచేటంత ఎత్తు. లోపల నలుచదరపు వాకిలి, నడుమ నీటితొట్టి. కింద సరుకు గదులు, పైన మనుషుల గదులు. రాత్రి తలుపు మూస్తే లోపలివాడు బయటికీ, బయటివాడు లోపలికీ వెళ్లడానికి లేదు. వీటిలో పెద్దది 1574లో పూర్తయిన ఖాన్ అల్-గుమ్రుక్, అనగా సుంకాల ఖాను. ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి వర్తకుల కాన్సలులు అందులో కాపురముండేవారు. వెనీసువారు 1548లోనే తమ కాన్సలు కచేరీని దమస్కస్ నుంచి అలెప్పోకు మార్చుకొన్నారు. ఇంగ్లీషు వారి లెవాంట్ కంపెనీ 1581లో మొదలై 1825 దాకా నడిచింది. ఇరాను పట్టు బిడారుల మీద వచ్చేది, ఇంగ్లీషు ఉన్ని గుడ్డ సముద్రం మీద వచ్చేది, రెండూ ఈ వాకిళ్లలో చేతులు మారేవి. ఇస్కందరూన్ రేవులో ఓడ దిగిందన్న కబురును వర్తకులు పావురాల కాలికి చీటీ కట్టి అలెప్పోకు పంపించేవారు.

1583లో లండను నుంచి రాల్ఫ్ ఫిచ్, జాన్ న్యూబరీ అనే వర్తకులు మరికొందరితో కలిసి టైగర్ అనే ఓడ ఎక్కి సిరియా తీరాన దిగి అలెప్పో చేరారు. (ఆ ఓడ పేరూ, ఆ ఊరి పేరూ షేక్‌స్పియర్ 'మాక్బెత్'లో మంత్రగత్తె నోట వినిపిస్తాయి.) అలెప్పో నుంచి ఒంటెల మీద యూఫ్రటీసు ఒడ్డున ఉన్న బీర్‌కు, అక్కడి నుంచి పడవలో ఫలూజాకు, ఆపైన బాగ్దాదుకు, బస్రాకు, హొర్ముజుకు వెళ్లారు. హొర్ముజులో పోర్చుగీసువారు గూఢచారులని పట్టుకొని గోవాకు పంపించారు. 1584లో ఫిచ్ గోవా నుంచి తప్పించుకొని బెళగాం, బీజాపూరు మీదుగా గోలకొండ వచ్చాడు. అప్పటికింకా చార్మినారు లేదు. హైదరాబాదు నిర్మాణం 1591 నాటిది. గోలకొండ మంచి పట్టణమనీ, ఇళ్లు ఇటుకతో కొయ్యతో కట్టినవనీ, పండ్లు విరివి అనీ, ఆ ప్రాంతంలో వజ్రాలు దొరుకుతాయనీ అతడు రాశాడు. అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణంలో మచిలీపట్నం ఉందనీ, అక్కడికి పెగూ నుంచి, సుమత్రా నుంచి మిరియాలు, సుగంధద్రవ్యాలు నింపుకొని ఓడలు వస్తాయనీ కూడా రాశాడు. 1591లో అతడు మళ్లీ అలెప్పో మీదుగానే ఇంటికి చేరాడు. అతని వృత్తాంతాన్ని 1599లో హక్లూట్ తన యాత్రల సంకలనంలో ముద్రించాడు. మరుసటి సంవత్సరమే ఈస్టిండియా కంపెనీ పుట్టింది. దానిని పుట్టించినవారిలో లెవాంట్ కంపెనీ వర్తకులు ముఖ్యులు. అలెప్పో ఖానులో గది అద్దెకు తీసుకొని పట్టు, మిరియాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో లెక్క వేసినవారే ఆ మిరియాల దగ్గరికి తిన్నగా ఓడ వేసుకొని వెళ్లాలని బయలుదేరారు. మన తీరం కథ ఆ తరువాత ఎటు తిరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

బిడారు ఒక పగలు నడిచి ఆగే చోటును అరబీలో 'మంజిల్' అంటారు. మన 'మజిలీ' అదే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చదివినవారికి మజిలీకీ కథకూ ఉన్న సంబంధం తెలుసు. రాత్రి ఆగిన చోట కథ పుడుతుంది. అలెప్పోలో ఆ పని సూక్‌లోని కాఫీ అంగడి చేసింది. కథకుడు కాఫీ తాగేవారి మధ్య అటూ ఇటూ నడుస్తూ కథ చెబుతాడు. కథ మంచి పట్టులో ఉండి, నాయకుడు చావుబతుకుల మధ్య వేలాడుతుండగా ఉన్నట్టుండి ఆపి గుమ్మం దాటి పారిపోతాడు. మిగిలిన కథ కావాలంటే మళ్లీ మర్నాడు రావలసిందే. ఈలోగా శ్రోతలు రెండు పక్షాలై, నాయకుడు చస్తాడని కొందరు, చావడని కొందరు వాదించుకొనేవారట. ఇది 18వ శతాబ్దిలో ఆ ఊళ్లో వైద్యం చేసిన ఒక ఇంగ్లీషు కంపెనీ వైద్యుడు రాసిపెట్టిన ముచ్చట. ఆయన సంగతి కాసేపట్లో చెబుతాం.

అలెప్పో కుర్రవాడు హన్నా దియాబ్ క్రైస్తవుడు. ఖానులలో ఫ్రెంచి వర్తకుల దగ్గర పనిచేసి భాష నేర్చాడు. దేశం చూడాలన్న ఆశతో ఒక ఫ్రెంచి యాత్రికుని వెంట పారిస్ వెళ్లాడు. అక్కడ 1709లో, అరేబియన్ నైట్స్‌ను ఫ్రెంచిలోకి తెస్తున్న ఆంత్వాన్ గలాఁకు కొన్ని కథలు చెప్పాడు. అల్లావుద్దీన్ అద్భుతదీపం, ఆలీబాబా నలభై దొంగలు ఆ విధంగా లోకానికి తెలిసిన కథలు. గలాఁ తన దినచర్యలో హన్నా పేరు రాసుకొన్నాడు గాని అచ్చువేసిన పుస్తకంలో చెప్పలేదు. హన్నా ఊరికి తిరిగి వచ్చి సూక్‌లో గుడ్డల వ్యాపారం పెట్టుకొన్నాడు. ముసలితనంలో 1763 ప్రాంతాన తన యాత్ర కథ రాసుకొన్నాడు. ఆ వ్రాతప్రతి వాటికన్ గ్రంథాలయంలో రెండు శతాబ్దాల తరువాత పండితుల కంటబడింది. 1957లో అక్కినేని వారినీ, 1970లో రామారావు గారినీ మన తెరమీద ఆ వేషాలలో చూసి చప్పట్లు కొట్టిన మన పెద్దలు, ఆ కథలు ఒక బట్టల కొట్టు యజమాని చెప్పినవని ఎరగరు. మేమూ చాలాకాలం ఎరగం.

ఇక ఆ వైద్యుడు. అలెగ్జాండర్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1740 నుంచి 1753 దాకా అలెప్పోలో లెవాంట్ కంపెనీ కొలువులో ఉండి, 1756లో ఆ నగరం మీద ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. వాతావరణం, మొక్కలు, జంతువులు, తిండి, పండుగలు, రోగాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన తరువాత ఆ కొలువులోకి ఆయన తమ్ముడు పాట్రిక్ రసెల్ వచ్చి దాదాపు ఇరవై ఏళ్లు పనిచేశాడు. 1760 నుంచి 1762 దాకా ఊరిని పట్టి పీడించిన మహామారిని కళ్లారా చూశాడు. అటువంటి రోజులలో యూరపు వర్తకులు ఖాను తలుపులు బిగించుకొని లోపలే ఉండేవారు. సూక్ మాత్రం మూతపడేది కాదు. 1791లో ఆయన అచ్చువేసిన మహామారి గ్రంథానికి ఆ అనుభవమే ఆధారం.

ఈ పాట్రిక్ రసెల్ అలెప్పో విడిచాక కొన్నేళ్లకు, కంపెనీ ఉద్యోగంలో ఉన్న మరొక సోదరుడు క్లాడ్‌తో కలిసి మన విశాఖపట్నం వచ్చాడు. తీరంలోని పాములను, చేపలను పరిశీలించాడు. 1785 తరువాత కంపెనీవారు ఆయనను తమ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమించారు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద, 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల మీద ఆయన గ్రంథాలు వచ్చాయి. బొమ్మల పక్కన స్థానికులు చెప్పిన పేర్లను ఇంగ్లీషు లిపిలో పెట్టాడు. మనం రక్తపింజరి అనే పాము అందులో 'కాటుక రేకుల పొడ'. కాటుకతో దిద్దిన రేకుల వంటి పొడలున్నదని భావం. ఎంత చక్కని పేరు! ఈనాడు ప్రపంచమంతా ఆ పామును రసెల్ వైపర్ అంటుంది. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బంగారస్' అన్న పేరు కూడా ఆయన నమోదు చేసిన తెలుగు 'బంగారు' నుంచి వచ్చినదే. పాముకాటు వైద్యం చదివే విద్యార్థి బంగారస్ అని ఉచ్చరించినప్పుడల్లా విశాఖ తీరపు తెలుగు మాటనే పలుకుతున్నాడు.

ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక పాట్రిక్ అన్నగారి అలెప్పో పుస్తకాన్ని చాలా పెంచి 1794లో రెండు సంపుటాలుగా మళ్లీ అచ్చువేశాడు. పైన చెప్పిన కథకుడి ముచ్చట మనకు అందినది అందులోనుంచే. అంటే అలెప్పో సూక్ గురించి లోకానికి తెలిసిన ఉత్తమ వర్ణనలలో ఒకటి, విశాఖపట్నంలో ఏళ్ల తరబడి బతికి వచ్చిన మనిషి సరిదిద్దినది. మేము ఈ నగరాన్ని ఎంచుకోవడానికి ఇదొక కారణం. అరబీ మాటలు అటు నుంచి ఇటు వచ్చాయి, తెలుగు మాటలు ఇటు నుంచి అటు వెళ్లాయి.

19వ శతాబ్ది అలెప్పోకు గడ్డుకాలం. 1822 ఆగస్టు భూకంపం ఊరిలో ఎంతో భాగాన్ని నేలమట్టం చేసింది. 1869లో సూయజు కాలువ తెరచుకొనేసరికి బిడారు దారికి పని తగ్గింది. అయినా సూక్ ఆ చుట్టుపక్కల పల్లెలకు, ఊరివారికి అంగడిగా నిలబడింది. అప్పుడు అది యాత్రికుల అంగడి కాదు, పెళ్లి గుడ్డలు, తాళ్లు, సబ్బు, మాంసం కొనుక్కొనే అంగడి. 1986లో యునెస్కో పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

2012 వేసవిలో సిరియా అంతర్యుద్ధం అలెప్పోలోకి వచ్చింది. యుద్ధరేఖ సూక్ మధ్యగా సాగింది. సెప్టెంబరు చివరి రోజులలో సూక్‌కు నిప్పంటుకొంది. కొయ్య తలుపులు, గుడ్డలు, నూనెలు ఉన్న చోటు, కాల్పుల మధ్య ఆర్పేవారు లేరు. వందల కొట్లు కాలిపోయాయి. 2013 ఏప్రిల్‌లో పెద్ద మసీదు మీనారు కూలింది. అది 11వ శతాబ్ది చివర కట్టినది. 2016 డిసెంబరులో పోరు ఆగేనాటికి ఖానుల వాకిళ్లలో రాళ్ల గుట్టలు. 2023 ఫిబ్రవరి భూకంపం మిగిలినదాన్ని మరోసారి కుదిపింది.

పునర్నిర్మాణం సందు సందుగా సాగుతోంది. ఆహారపదార్థాల బజారైన సూక్ అల్-సకతీయాను ఆగాఖాన్ సంస్థ సాయంతో బాగుచేసి 2019లో తెరిచారు. యాభైకి పైగా కొట్లు. రాయిని రాయి మీద పెట్టడానికి పాత పటాలున్నాయి, ఛాయాచిత్రాలున్నాయి, సొవాజే పుస్తకం ఉంది. కొట్టు ఎవరిదో, ఎవరి అద్దె ఏ వక్ఫ్‌కు చెందాలో చెప్పే కాగితాలు కాలినచోట చిక్కు మొదలవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, కొట్టులో కూర్చోవలసిన మనిషి ఊళ్లో లేకపోవడం. పక్కవాడి తూకాన్ని పక్కవాడు కనిపెట్టడం మీద నడిచిన అంగడి అది. వరుసలో పది కొట్లకు రెండు తెరిస్తే ఆ కాపలా ఉండదు, ఆ బేరమూ ఉండదు. కప్పులు వేసి దీపాలు పెట్టి యాత్రికులను రప్పిస్తే సూక్ బతికినట్టేనని కొందరంటున్నారు. మాకు ఆ నమ్మకం లేదు. ఊరివాళ్లు ఉప్పుకూ తాడుకూ రాని సూక్ ప్రదర్శనశాల అవుతుంది.

సబ్బు కార్ఖానాలవారు కొందరు యుద్ధకాలంలో కాగులు వదిలి సరిహద్దు దాటి దక్షిణ తుర్కీ పట్టణాలకు వెళ్లి అక్కడ మళ్లీ పొయ్యి వెలిగించారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు. 2024 డిసెంబరులో యునెస్కో అలెప్పో ఘార్ సబ్బు తయారీ నేర్పును మానవజాతి సజీవ వారసత్వాల జాబితాలో చేర్చింది. పరాయి ఊళ్లో ఉడికించిన బిళ్లనూ జనం అలెప్పో సబ్బనే అడిగి కొంటున్నారు.